పై గదికి లైసెన్సు సరే, ఆ రెండో ఫ్లాటు మాటేమిటి?

ప్రశ్న: మేముంటున్న ఇంట్లో పైన ఒక గది, బాత్రూము, విడిగా మెట్లు ఉన్నాయి. అది కాక లోన్ మీద కొన్న రెండు బెడ్‌రూముల ఫ్లాటు ఇంకోటి ఊరికి అటు చివర ఉంది. మూడేళ్లుగా రెండింటినీ యాప్‌లో పెట్టి, రెండు మూడు రోజుల కోసం వచ్చేవాళ్లకి ఇస్తున్నాం. ఇప్పుడు మా సిటీ కౌన్సిల్ కొత్త రూల్ తెచ్చింది. ఆరు నెలల్లో అందరూ లైసెన్సు తీసుకోవాలట, ఆ నంబరు లిస్టింగ్ మీద కనిపించాలట, ఇల్లు మొత్తం ఇచ్చేదైతే అది మనం కాపురముండే ఇల్లే అయ్యుండాలట, అదీ ఏడాదికి 90 రాత్రులేనట. మావారు "అందరికీ అయ్యేదే మనకీ అవుతుంది, ఊరుకో" అంటారు. మా మరిదేమో మా అత్తగారు ఆ ఫ్లాటులో ఉంటున్నట్టు కాగితాలు చూపించి ఆవిడ పేరు మీద లైసెన్సు తీద్దామంటాడు. ఆవిడ ఉండేది మాతోనే. ఫ్లాటు కింద ఇంటాయన ఇప్పటికే రెండుసార్లు గొడవ పెట్టుకున్నాడు. అయినా మా డబ్బుతో కొనుక్కున్న ఇంటిని ఎవరికివ్వాలో చెప్పడానికి వీళ్లెవరండీ? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీ మరిది సలహా సంగతి ముందు తేల్చేద్దాం. దాన్ని ఇవాళే వదిలేయండి. లైసెన్సు దరఖాస్తు అంటే ఊరికే పేరూ అడ్రసూ నింపి ఇచ్చే ఫారం కాదు, ఇందులో రాసిందంతా నిజమని సంతకం పెట్టిచ్చే కాగితం. లైసెన్సు లేకుండా గది అద్దెకిస్తే జరిమానాతో పోవచ్చు, తప్పుడు డిక్లరేషన్ ఇస్తే అది వేరే నేరం అయి కూర్చుంటుంది. ఆ సంతకం మీ మరిదిది కాదు, మీదీ కాదు, మీ అత్తగారిది. రేపు ఆఫీసులో ఎవరైనా పిలిచి అడిగితే కుర్చీలో కూర్చుని సమాధానం చెప్పుకోవాల్సింది ఆ పెద్దావిడ.

పోనీ నిలబడే అబద్ధమా అంటే అదీ కాదు. "సొంత నివాసం" అన్న మాటకి చాలా నగరాలు రోజులు లెక్కకట్టి మరీ అర్థం చెబుతాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో హోస్టు, అంటే ఇల్లు గెస్టులకి ఇచ్చే మనిషి, ఏడాదికి కనీసం 275 రాత్రులు ఆ ఇంట్లో ఉండాలి. పారిస్‌లో ఏడాదికి ఎనిమిది నెలలు ఉంటేనే అది ప్రధాన నివాసం కింద లెక్క. మీ అత్తగారి బ్యాంకు ఉత్తరాలు మీ ఇంటికొస్తాయి, డాక్టరు చీటీ మీద అడ్రసు మీ ఇంటిదే, ఆ ఫ్లాటు కరెంటు బిల్లేమో గెస్టులున్న నెలలో ఒకలా, లేని నెలలో ఇంకోలా ఉంటుంది. ఇవన్నీ ఎందుకు, కింద ఇంటాయన్ని ఒక్క మాట అడిగితే చాలు, పైన ఏ పెద్దావిడా ఉండటం లేదని చెప్పేస్తాడు, అదీ సంతోషంగా చెబుతాడు.

ఇక మీవారి మాట. పదేళ్ల కిందటైతే ఆయన చెప్పింది నిజమే. అప్పట్లో చాలా నగరాల్లో రూల్ ఉండేది కానీ పట్టుకునే దారి లేదు. యాప్‌లో అడ్రసు కనిపించదు, ఓనరు పూర్తి పేరు కనిపించదు, ఇన్‌స్పెక్టరు ఏ ఇంటి తలుపు తట్టాలి? ఇప్పుడు ఆ లెక్క మారింది, మార్చింది ఆ నంబరే. నంబరు లేని ఇంటికి బుకింగ్ తీసుకుంటే యాప్ కంపెనీకే ఫైన్ అని రూల్ పెడితే, నగరం మిమ్మల్ని వెతుక్కుంటూ రానక్కర్లేదు, కంపెనీయే మీ లిస్టింగ్ తీసేస్తుంది. న్యూయార్క్‌లో 2023 సెప్టెంబర్ 5 నుంచి జరుగుతున్నది ఇదే: రిజిస్ట్రేషన్ లేని హోస్టు బుకింగులకి యాప్‌లు డబ్బు లావాదేవీ నడపకూడదు. జపాన్‌లో 2018 జూన్‌లో కొత్త చట్టం అమల్లోకి రావడానికి కాస్త ముందు, నంబరు లేని లిస్టింగులని ఎయిర్‌బీఎన్‌బీ అనే యాప్ కంపెనీ తీసేస్తే, ఆ దేశంలో ఉన్నవాటిలో దాదాపు ఐదింట నాలుగు వంతులు కనబడకుండా పోయాయి. వాళ్లలోనూ చాలామంది "అందరికీ అయ్యేదే" అనుకునే ఉంటారు. అందరికీ అయింది కూడా. యూరోపియన్ యూనియన్‌లోనైతే 2026 మే 20 నుంచి వర్తించే రూల్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పద్ధతి ఉన్న చోట్ల ఏ ఇల్లు ఎన్ని రాత్రులు ఇచ్చారన్న లెక్క యాప్ కంపెనీలే ప్రభుత్వానికి పంపాలి. మీ సిటీ కౌన్సిల్ కూడా లిస్టింగ్ మీద నంబరు వేయమంటోందంటే, దాన్ని కంపెనీల చేత చెక్ చేయించే ఏర్పాటు ఉందో లేదో ఆ ఉత్తర్వులోనే చూడండి, చాలావరకు ఉంటుంది.

ఎవరో పక్కవాళ్ల నంబరు కొట్టి పెట్టేద్దామన్న ఆలోచన కూడా వస్తుంది కొందరికి. మీకు రాలేదు కాబట్టి దాని జోలికి పోను.

"మా ఇల్లు, వీళ్లెవరు?" అన్నారే, ఆ కోపం నాకు అర్థమవుతుంది, సగం ఒప్పుకుంటాను కూడా. మిగతా సగం ఒప్పుకోకపోవడానికి కారణం, నేను రెండేళ్లు అలాంటి ఫ్లాటు కింద కాపురమున్నాను. పైన దిగిన వాళ్లలో చెడ్డవాళ్లు దాదాపు లేరు. కానీ రాత్రి రెండింటికి చక్రాల సూట్‌కేసు మెట్ల మీద టకటకా దిగుతుంటే, ఆ లాగేవాడు ఎంత మంచివాడైనా మన నిద్ర మనదే కదా. ప్రతి మూడో రోజూ కొత్తవాళ్లు, ప్రతి కొత్తవాళ్లకీ మా తలుపు తట్టి "వైఫై పాస్‌వర్డ్ ఏంటండీ" అని అడిగే హక్కు ఉందనుకునే ధైర్యం. చివరికి కాగితం మీద రాసి తలుపుకి అంటించాను, అది పైవాళ్ల ఇల్లు, ఇది కాదని. కౌన్సిల్ మీ ఇంటిని మీ నుంచి లాక్కోవడం లేదు. కాపురాలుండే బిల్డింగులో హోటల్ నడపాలంటే అడిగి నడపండి అంటోంది, అంతే. రెండో కారణం ఇళ్ల కొరత. ఒక ఇల్లు ఏడాదంతా మూడు రోజుల గెస్టులకి తిరుగుతుంటే, అక్కడ ఉండాల్సిన ఒక కుటుంబం ఇంకెక్కడో వెతుక్కుంటుంది. మీ ఒక్క ఫ్లాటుతో అద్దెలు పెరిగిపోవు, నిజమే, కానీ వీధికి పదిళ్లు అలా అయ్యేసరికి కౌన్సిల్ మీద ఒత్తిడి వస్తుంది. బార్సిలోనా 2024లో ఏం చెప్పిందో చూడండి: ఉన్న 10,101 టూరిస్టు ఫ్లాట్ల లైసెన్సులని 2028 నవంబర్‌కల్లా ఇక రెన్యూ చెయ్యకుండా ముగించేస్తామని మేయరే ప్రకటించారు. వాళ్లందరికీ లైసెన్సు ఉంది మరి! కాబట్టి లైసెన్సు వచ్చినా అది శాశ్వతమైన ఆస్తి అనుకోకండి. రేపు ఫ్లాటు అమ్మేటప్పుడు లైసెన్సుతో సహా అని రేటు పెంచి చెప్పే ఉద్దేశం ఉంటే అది కూడా మానుకోవాలి, చాలాచోట్ల లైసెన్సు మనిషికీ ఇంటికీ కలిపి ఇస్తారు, ఓనరు మారితే అది అక్కడితో సరి.

కోర్టు కొట్టేస్తుందేమో చూద్దాం అనేవాళ్లూ ఉంటారు. అమెరికాలో న్యూ ఆర్లియన్స్ పెట్టిన "ఓనరు అక్కడే కాపురముండాలి" అన్న షరతుని 2022లో ఫెడరల్ అప్పీల్ కోర్టు చెల్లదంది, అది నిజం. అలాగే 2020లో యూరోపియన్ యూనియన్ కోర్టు, ఇళ్ల కొరత ఉన్నచోట ముందస్తు అనుమతి అడగడం సబబేనని తేల్చింది, అదీ నిజం. ఎటు తిరుగుతుందో తెలియని కేసుకోసం ఆరు నెలల గడువు పోగొట్టుకోకండి. కేసు వేసేవాళ్లు వేస్తారు, మీరు మీ ఫారం వేసి ఉంచుకోండి.

సరే, అసలు విషయానికి. మీరు "రెండింటికీ లైసెన్సు తియ్యాలా" అన్నట్టు ఒకే ప్రశ్నగా రాశారు, అక్కడే తికమక పడుతున్నారు. ఇలాంటి రూల్స్ పెట్టిన నగరాల్లో ఎక్కువ భాగం మొదట చూసేది ఇల్లు ఎలా ఉంది, శుభ్రంగా ఉందా, ఎంత వసూలు చేస్తున్నారు అని కాదు. అక్కడ కాపురముంటున్నది ఎవరు అని. మీరు ఇంట్లో ఉండగా ఒక గది ఇస్తే ఒక పద్ధతి, మీరు ఊరెళ్లినప్పుడు మీ ఇల్లు ఇస్తే ఇంకో పద్ధతి, ఎవరూ కాపురముండని ఇంటిని ఏడాదంతా తిప్పితే మూడో పద్ధతి. రెండోదానికి రాత్రుల పరిమితి పెడతారు: లండన్‌లో 90, ఆమ్‌స్టర్‌డామ్‌లో మహా అయితే 30, పారిస్‌లో 120 ఉన్నదాన్ని 2025 జనవరి నుంచి 90కి తగ్గించారు. మూడోదాన్ని చాలాచోట్ల అసలు ఒప్పుకోరు, లేదా కష్టమైన అనుమతులు అడుగుతారు. మీ పై గది మొదటి పద్ధతి, ఫ్లాటు మూడోది. రెండో పద్ధతి మీకు సంబంధించిందే కాదు, 90 రాత్రులు అన్న మాట వినేసరికి "పోనీ మూడు నెలలైనా ఇవ్వొచ్చు" అని ఆశ పెట్టుకున్నట్టున్నారు గానీ, ఆ 90 మీ ఫ్లాటుకి కాదు, అందులో కాపురముండేవాళ్లకి.

పై గదికి దరఖాస్తు ఈ వారమే పెట్టండి, చివరి నెల దాకా ఆగొద్దు. ఆఖరి రోజుల్లో అందరూ ఎగబడతారు, ఇన్‌స్పెక్షన్‌కి తేదీ దొరకదు. గడువులోపు దరఖాస్తు పెట్టినవాళ్లు నిర్ణయం వచ్చేదాకా నడుపుకోవచ్చన్న వెసులుబాటు మీ ఉత్తర్వులో ఉందేమో చూడండి. స్కాట్లాండ్‌లో పాత హోస్టులకి అలాంటి అవకాశం ఇచ్చారు, 2023 అక్టోబర్ 1 లోపు పెట్టినవాళ్లకి.

ఒక్క విషయం మాత్రం దరఖాస్తుకి ముందే కౌన్సిల్ ఆఫీసులో అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి. మీ పై గదికి విడిగా మెట్లున్నాయన్నారు. వంటకి స్టవ్వు, సింకు కూడా పైన ఉన్నాయా? విడి దారి, విడి బాత్రూము, విడి వంటిల్లు మూడూ ఉంటే కొన్ని నగరాలు దాన్ని "ఇంట్లో గది" అనవు, వేరే ఇల్లు అంటాయి, అప్పుడు మీరు కింద ఉన్నా లేనట్టే లెక్క. న్యూయార్క్‌లో ఇంకో అడుగు ముందుకేశారు, 30 రోజుల లోపు బసకైతే హోస్టు అదే ఇంట్లో ఉండాలి, డబ్బిచ్చే గెస్టులు ఇద్దరికి మించకూడదు, మధ్యలో తాళాలేసిన తలుపులు ఉండకుండా గెస్టు ఇల్లంతా తిరగగలగాలి. అంత కఠినం మీ దగ్గర లేకపోవచ్చు. అయినా కట్టేటప్పుడు మంజూరు చేయించుకున్న ప్లాన్‌లో ఆ పై భాగం ఏమని రాసుందో తీసి చూడండి, గది అని ఉందా, విడి పోర్షన్ అని ఉందా. ప్లాన్‌లో లేనే లేకుండా తర్వాత వేసుకున్నదైతే ఆ సంగతి ముందు సరిచేసుకోకుండా ఇన్‌స్పెక్టర్ని ఇంటికి పిలవకండి.

కాగితాలన్నీ ఒకే పేరు, ఒకే అడ్రసుతో ఉండాలి. నవ్వకండి, నేనొకప్పుడు మా ఇంట్లో ఒక గదికి దరఖాస్తు పెడితే కరెంటు బిల్లు మీద ఇంటి నంబరులో ఒక అక్షరం తేడా ఉందని వెనక్కి పంపారు, అది సరిచేయించి మళ్లీ క్యూలో నిలబడేసరికి రెండు నెలలు పోయాయి. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చేవాళ్లు మామూలుగా చూసేవి పొగ అలారం, గ్యాస్ వాడకం ఉంటే కార్బన్ మోనాక్సైడ్ అలారం, మంటలార్పే సిలిండరు, బయటికి దారి ఎటో చూపే కాగితం తలుపు వెనక, నిప్పు అంటుకుంటే దూకి బయటపడగల కిటికీ. ఊచలు బిగించేసిన కిటికీ ఒక్కటే ఉన్న గది అయితే ఆ ఊచలు లోపల్నుంచి తెరుచుకునేలా మార్పించుకోండి, లైసెన్సు సంగతి పక్కనబెట్టినా అది ఎప్పుడో చెయ్యాల్సిన పని.

ఇన్సూరెన్సు వాళ్లకి ఫోన్ చేసి చెప్పండి. మామూలు ఇంటి పాలసీల్లో చాలావాటికి డబ్బు తీసుకుని బయటివాళ్లకి ఇవ్వడం వర్తించదు, గెస్టు మెట్ల మీద జారిపడితే క్లెయిము తిరగ్గొట్టడానికి వాళ్లకి అదొక్కటి చాలు. యాప్ ఇచ్చే కవర్ ఉంది కదా అని ఊరుకోవద్దు, కొన్ని నగరాలు ఫలానా మొత్తానికి పాలసీ చూపించమని లైసెన్సు ఫారంలోనే అడుగుతాయి. టాక్సు విషయంలో జనం పడే గొయ్యి ఒకటుంది: బస పన్ను యాప్ కట్ చేసి కట్టేస్తుందనుకుంటారు. కడితే కట్టొచ్చు, కానీ నేరుగా ఫోన్ చేసి వచ్చే పాత గెస్టుల పన్ను ఎవరు కడతారు? మీరే. ఒక నెల ఒక్క గెస్టూ రాకపోయినా సున్నా రిటర్న్ వెయ్యాలనే చోట్లున్నాయి, వెయ్యకపోతే లైసెన్సు రెన్యూవల్ అప్పుడు అది బయటికొస్తుంది.

ఇప్పుడు ఫ్లాటు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను, దాన్ని ఈ ఆటలోంచి తీసెయ్యండి. మీకది నష్టంలా కనిపిస్తోంది, ఎందుకంటే మీరు యాప్ నుంచి వచ్చిన మొత్తాన్ని చూస్తున్నారు. క్లీనింగు, దుప్పట్లు ఉతికించడం, కరెంటు, ఇంటర్నెట్, యాప్ కమిషను, విరిగినవి మార్పించడం, ఖాళీగా ఉన్న రాత్రులు, ఊరికి అటు చివరికి మీరు తిరిగిన తిరుగుడు, ఇవన్నీ తీసేసి మూడేళ్ల సగటు వెయ్యండి. ఒకవేళ ఎలాగో 90 రాత్రుల లైసెన్సు దొరికిందనే అనుకుందాం. పన్నెండు నెలల అద్దె ఆ 90 రాత్రుల్లోనే రావాలంటే, ఒక్కో రాత్రికి ఖర్చులు పోను మిగిలేది నెల అద్దెని ఏడున్నరతో భాగిస్తే వచ్చేదాని కన్నా ఎక్కువ ఉండాలి, అదీ 90కి 90 రాత్రులూ నిండితే. అరవై నిండితే? ఐదుతో భాగించాలి. మీ పుస్తకం తీసి చూసుకోండి, అంత మిగిలిన రాత్రులు ఎన్నో.

అద్దెకిచ్చే దారులు రెండున్నాయి. ఒకటి మామూలు ఏడాది అద్దె. రెండోది నెల, రెండు నెలల కోసం వచ్చేవాళ్లు: కొత్త ఉద్యోగానికొచ్చి ఇల్లు వెతుక్కునేవాళ్లు, ఆస్పత్రిలో వైద్యం కోసం వచ్చిన కుటుంబాలు, ప్రాజెక్టు మీద వచ్చినవాళ్లు. ఫర్నిచరు ఎలాగూ ఉంది కాబట్టి మీకిది బాగా సరిపోతుంది. కాకపోతే మీ నగరం "తక్కువ కాలం" అని దేన్నంటుందో ఆ లెక్క చూసుకోవాలి. చాలాచోట్ల 30 రోజుల లోపు, సింగపూర్‌లోనైతే ప్రైవేటు ఇల్లు మూడు నెలలకి తక్కువ ఇవ్వడానికే లేదు. 30 రోజులకి రాసుకుని వారానికే ఖాళీ చేయించే తెలివితేటలు మాత్రం వద్దు, మీ మరిది తర్వాతి ఐడియా అదే అయ్యుంటుందని నా అనుమానం. ఎక్కువ కాలం ఉండేవాళ్లకి కిరాయిదారు హక్కులు వస్తాయి, అందుకని అగ్రిమెంటు లాయరు చేత రాయించుకోండి. లోన్ కాగితాలు కూడా ఒకసారి తియ్యండి, సొంతంగా ఉండటానికని చెప్పి తీసుకున్న లోనైతే అద్దెకివ్వడానికి బ్యాంకుకి చెప్పాలన్న షరతు ఉండొచ్చు. అపార్ట్‌మెంటు అసోసియేషన్ బైలాస్, అంటే వాళ్ల సొంత నియమాల సంగతీ అంతే. కౌన్సిల్ ఒప్పుకున్నా అసోసియేషన్ వద్దనగలదు, ఈ మాట ఎవరూ చెప్పరు.

గడువు తేదీ తర్వాతికి ఫ్లాటుకి ఇప్పటికే బుకింగులు ఉండుంటాయి. ఈ రాత్రే క్యాలెండర్ తెరిచి ఆ తేదీ నుంచి ముందుకి బ్లాక్ చెయ్యండి, ఉన్నవాళ్లకి కారణం చెప్పి ఇప్పుడే మెసేజ్ పెట్టండి, యాప్ సపోర్ట్‌కి కొత్త రూల్ కాపీ జతచేసి రాయండి. నాలుగు నెలల ముందు చెబితే గెస్టు ఇంకోచోట చూసుకుంటాడు, నాలుగు రోజుల ముందు చెబితే తిట్టుకుంటాడు, రివ్యూ రాసే వీలుంటే అదీ అలాగే రాస్తాడు, ఆ రివ్యూ మీ పై గది లిస్టింగ్ చూసేవాళ్లకి కూడా కనిపించొచ్చు.

కింద ఇంటాయనకి కూడా మీరే ఫోన్ చేసి, ఫలానా తేదీ నుంచి పైన ఒకే కుటుంబం ఉంటుందని చెప్పండి. ఈలోపు రాత్రి పది దాటాక ఎవరైనా గొడవ చేస్తే చెయ్యమని మీ నంబరు ఇవ్వండి. మీవారి నంబరు కాదు.